గొర్ల ఇంటి ముందర పూలగడ్డి

పోయిన నెల మా కంపెనీలో నాతోపాటు పనిచేసే ఒకమ్మాయి పెళ్లికి వెళ్లాను. షాద్‌నగర్ దాటాక రోడ్డు పక్కనే కొత్తగా కట్టిన ఫంక్షన్ హాలు. గేటు నుంచి మంటపం దాకా దారికి రెండు వైపులా గడ్డి పెంచారు. నడుమెత్తు కుదుళ్లు, సన్నటి ఆకు, పైన రాగిరంగు పూత. పట్టుచీరల ఆడవాళ్లు ఆ పూతను చెంపలకు ఆనించుకుని ఫోటోలు దిగుతున్నారు. నేను ఊరికే ఉండలేక ఒక ఆకు తుంచి వేళ్ల మధ్య నలిపాను. వాసన ముక్కుకు తగిలింది. నిమ్మతొక్కా, అల్లమూ కలిపి నూరినట్టుండే వాసన అది. ఎవరికైనా హాయిగానే ఉంటుంది. నాకు మాత్రం మా బీరవ్వ వచ్చి ఎదురుగా నిలబడినట్టయింది. బీరవ్వ మా బాపును కన్నతల్లి, నాకు అవ్వ. పోయినవాళ్లను తలుచుకుంటే మంచే తలుచుకోవాలంటారు. నాకు ఆ విద్య రాలేదు. అక్షింతలు వేసి, భోజనానికి కూర్చోకుండానే ఆటో ఎక్కాను.

నాకింకా ముప్పై నిండలేదు. జ్ఞాపకాలు రాసుకునే వయసా ఇది అని నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. మా ఇంట్లాంటి ఇంట్లో పుట్టిన ఆడపిల్లకు ఎనిమిదో తరగతికే సగం ముసలితనం వస్తుంది. రాష్ట్రం వచ్చిందని బడిలో లడ్డూలు పంచిన ఏడాది నేను ఎనిమిదిలో ఉన్నాను. సగం లడ్డూ నేను తిని, మిగతా సగం అమ్మ కోసం చున్నీ కొంగున ముడేసుకుని తెచ్చాను. వాకిట్లో అవ్వ ఆపింది. "కొంగుల ఏమున్నదే పోరీ, ఇటియ్యి" అని ముడి విప్పి, అమ్మ గడపలో నిలబడి చూస్తుండగా నోట్లో వేసుకుంది. ఆకలయి కాదు. అవ్వకు తీపి గిట్టదు. రెండుసార్లు నమిలి, మొహం చిట్లించి, దొడ్డి గోడ పక్కన ఉమ్మేసింది. అమ్మ లోపలికి వెళ్లి పొయ్యి ఊదుకుంది. అటువంటి మనిషి గురించీ, ఆమె పెంచిన గడ్డి గురించీ రాస్తున్నాను.

మా ఊరు కల్వకుర్తికి అవతల. మేం కురుమోళ్లం. ఇంటి వెనక గొర్ల దొడ్డి, పక్కన గొంగడి నేసే గుంట, ఎప్పుడూ చింతగింజల గంజి ఉడికే కుండ. గొంగడి పోగు బిగువుగా ఉండాలంటే ఆ గంజి పట్టించాలి. ఇల్లంతా ఉన్ని వాసన, పెంటికల వాసన, ఆ గంజి పులుపు. వాటన్నిటి మీదుగా, ఇంటి ముందర నుంచి వచ్చేది గడ్డి వాసన. అవ్వది అమ్రాబాద్ దిక్కు. పెళ్లయి గుట్టలు దిగి వచ్చేటప్పుడు అందరూ పుట్టింటి నుంచి బిందె తెచ్చుకుంటారు, చెంబు తెచ్చుకుంటారు. ఈమె అడవి అంచు నుంచి ఒక గడ్డి కుదురును తడిగుడ్డలో చుట్టుకుని తెచ్చుకుందట. ఏటికేడు పిలకలు విడదీసి నాటుకుంటూ వచ్చి, నాకు బుద్ధి తెలిసేనాటికి తల్వాకిలికి రెండు పక్కలా వరుసలు కట్టింది. దసరా ముందు పూత వచ్చిందంటే బాటన పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. "గొర్లున్న ఇంట్ల గడ్డికి కాపలానా బీరవ్వా!" అని ఎవరైనా పరిహాసమాడితే, "మీ ఇంట్ల బంగారం లేదా? గొర్రెకు మేపుతున్నవా?" అనేది.

గొర్రె మూతి తగలకుండా ఆ వరుసల చుట్టూ నడుమెత్తు తుమ్మకంప ఉండేది. కంప కట్టేది అమ్మ. చెదలు పట్టిన కంప తీసి కొత్తది వేసేది అమ్మ. దానికి నీళ్లు పోసేదీ అమ్మే. ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. పొద్దున లేచాక గడ్డికి నీళ్లు పోసేదాకా అమ్మ నోట్లో చుక్క పడకూడదు. చాయ్ కాదు, మంచినీళ్లు కూడా. చేదబావి మా ఇంటికి నాలుగిళ్ల అవతల. ఎండాకాలం బావిలో నీళ్లు అడుగంటితే ఊరబోరింగు దాకా నడవాలి. చంకన ఒక బిందె, నెత్తిన ఒక బిందె. ఒక్కో కుదురు మొదట్లో చెంబుతో నిదానంగా పోయాలి, నీళ్లు పక్కకు పారకూడదు. అవ్వ అరుగు మీద తంబాకు నలుపుకుంటూ చూసేది. అమ్మ గొంతు ఎండి దగ్గు వస్తే, "గడ్డి తాగకముందే నీకు చాయ్ కావాల్నా? గడ్డికి నోరు లేదు, నీకున్నది, అంతే గద ఫరక్?" అనేది. నేను దొంగచాటుగా గ్లాసులో నీళ్లు తీసుకెళ్తే అమ్మ తాగేది కాదు. భయంతో ఒకసారి గ్లాసును నా చేతిలోంచి నెట్టేసింది.

చూసేవాళ్లకు గడ్డే కదా అనిపిస్తుంది గానీ దానికీ ఒక పద్ధతి ఉంది. హోళీ పోగానే ఎండిన ఆకు మొత్తం జానెడు మోడు మిగిలేలా కోసెయ్యాలి. గొర్ల ఉన్ని తీసే కత్తెరతోనే అవ్వ ఆ పని చేసేది. రెండు చేతులతో పట్టుకునే పెద్ద కత్తెర, దాని చప్పుడు దొడ్డి దాకా వినపడేది. రెండు మూడేళ్లకోసారి కుదురు నడిమధ్య బోడి పడుతుంది. తొలకరికి గడ్డపారతో పెళ్లగించి, చచ్చిన నడుమ తీసి పారేసి, చుట్టూ ఉన్న పచ్చి పిలకలను వేరుగా నాటాలి. "పనికిరాని నడుమను ఉంచితే చుట్టున్నది గూడ సస్తది" అనేది అవ్వ. ముసలి గొర్రెను కటికోనికి తోలేటప్పుడూ ఇదే మాట. ఎరువు మాత్రం వేయనిచ్చేది కాదు. దొడ్డి నిండా పెంటికలున్నా పిడికెడు పడనిచ్చేది కాదు. ఎరువు తిన్న గడ్డి ఒళ్లు పెంచి నిలబడలేక వాలిపోతుందని ఆమె అనుభవం. అది నిజమే కావచ్చు. ఆ మాట అంటూ అమ్మ కంచం వైపు చూసేది. నేను కడుపులో ఉన్నప్పుడు అమ్మకు రెండో ముద్ద పెట్టనిచ్చేది కాదట. "తిన్నకొద్దీ వాలుతది" అనేదట. అమ్మ ఈ సంగతి నాకు చెప్పినప్పుడు ఏడవలేదు. గోంగూర ఏరుకుంటూ చెప్పింది.

నా సంగతీ ఒకటి చెప్పాలి. ఎంగిలిపూల బతుకమ్మ రోజు. తంగేడు దొరికింది, గునుగు దొరికింది. బతుకమ్మ పైన పెట్టడానికి ఏదైనా కొత్తగా ఉంటే బాగుంటుందని కంప సందులోంచి చెయ్యి పెట్టి రాగిరంగు కంకులు కొన్ని తెంపాను. మోచెయ్యంతా గీసుకుపోయింది. అవ్వ చూసింది. "ఇటు రా బిడ్డా, జడేస్త" అని ప్రేమగా పిలిచింది. బతుకమ్మ కదా, వేస్తుందేమో అనుకుని పోయి ముందర కూర్చున్నాను. జడ చేతికి చుట్టుకుని, గొంగడి కింద దాచిన ఉన్ని కత్తెర తీసింది. మెడ దగ్గర చల్లగా తగిలింది. "నువ్వు దాని కొప్పు కోసినవ్, నేను నీ కొప్పు కోస్తున్న. చెల్లుకు చెల్లు" అంది. తెగిన జడను కంప మీద అందరికీ కనిపించేలా వేసింది. ఆ సాయంత్రం నేను బతుకమ్మ ఆడటానికి పోలేదు. బాపు ఇంటికొచ్చి జడను చూశాడు, నన్ను చూశాడు, అన్నం తిన్నాడు. బాపుకు అరవై గొర్రెల్లో ఏది కుంటుతోందో చీకట్లో కూడా తెలిసేది. ఇంట్లో ఎవరు ఏడుస్తున్నారో తెలిసేది కాదు.

ఇంత జరుగుతున్నా అమ్మ నడుం వంగకుండా ఎలా నిలబడిందంటే, దానికి కారణం ఆమె గొర్లు. మా అమ్మ సాయమ్మది దేవరకొండ దిక్కు. మాలో ఆడపిల్లను అత్తగారింటికి పంపేటప్పుడు అరణంగా రెండు గొర్రెపిల్లలను ఇచ్చి పంపుతారు. అవి ఈనినవీ, వాటి పిల్లలు ఈనినవీ అన్నీ ఆ ఆడదానివే. మందలో కలిసి మేసినా వాటి చెవికి వేరే గుర్తు కోస్తారు. మొగడు గానీ అత్త గానీ వాటిని అమ్మడానికి లేదు. ఊరు ఒప్పదు, బీరప్ప దేవుడు ఒప్పడు. అమ్మ గొర్లకు ఎడమ చెవి కొసన చిన్న చీలిక ఉండేది. రెండుగా వచ్చినవి నేను పెద్దదాన్నయ్యేసరికి చిన్న మందయ్యాయి. సాయంత్రం దొడ్డి తలుపు దగ్గర నిలబడి, చెవులు చూసుకుంటూ ఒక్కొక్కదాన్ని తడుముతుంటే అమ్మ మొహం వేరేగా ఉండేది. "ఇవి ఉన్నన్నొద్దులు నేను ఈ ఇంట్ల కూలిదాన్ని కాదు బిడ్డా. అవ్వ ఏమన్న అననియ్యి" అనేది. ఇంకో పది ఈతలయితే వేరే దొడ్డి పెట్టుకుంటానని, మనమిద్దరం అందులో ఉందామని చెప్పేది. అవ్వకు కూడా ఈ లెక్క తెలుసు. అందుకే ఆ గొర్లను చూసినప్పుడల్లా ఆమె తంబాకు గట్టిగా నలిపేది.

రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడో, ఆ పై ఏడో, వానలు మొహం చాటేశాయి. చెరువు అడుగున పగుళ్లు మనిషి కాలు దూరేంతగా విచ్చుకున్నాయి. బాపు మందను తోలుకుని కృష్ణ ఒడ్డుకు వలస పోయాడు. అమ్మ గొర్లు ఎక్కువ భాగం సూడి మీద ఉన్నాయి, అంత దూరం నడవలేవని ఆమెవన్నీ ఇంటి దగ్గరే ఆపారు. వాటిని తెల్లారకముందే తోలుకుపోయి, దొరికిన చోట రెండు పోచలు కరిపించి తీసుకురావడం అమ్మ పని. అంత కరువులోనూ గడ్డికి నీళ్లు తప్పలేదు. ఊరబోరింగు దగ్గర ఆడవాళ్లు బిందె కోసం జుట్లు పట్టుకుంటుంటే, అమ్మ తెచ్చిన బిందె తుమ్మకంప దాటి గడ్డి మొదట్లోకి పోయేది. హోళీకి కోసిన మోడులు అప్పుడే లేత చిగురు వేస్తున్నాయి. ఊళ్లో పచ్చగా ఉన్నది అదొక్కటే. దొడ్డిలోంచి ఆకలిగొన్న గొర్లు అరుస్తుంటే అమ్మ ఒకనాడు తెగించి అడిగింది. "అత్తా, జర రెండు కుదుళ్లన్న కోసుకుంట. సూడి గొర్లు, పిల్లలు కడుపులనే సస్తయి."

"నీ తల్లిగారు గొర్లనే ఇచ్చిండ్రా, మేత ఇయ్యలేదా?" అంది అవ్వ.

ఒక సాయంత్రం మబ్బులు కమ్మి వాన పడింది. అరగంట పడి ఆగిపోయింది. ఊరంతా సంబరపడింది గానీ అమ్మ భయపడింది. గొర్లు కాసేవాళ్లకు ఆ భయం తెలుసు. జొన్న కోసిన చేలల్లో మోళ్లు మిగిలి ఉంటాయి. ఎండి ఉన్నన్నాళ్లు వాటితో ప్రమాదం లేదు. ఒక వాన పడి మళ్లీ ఎండ కాస్తే ఆ మోళ్ల నుంచి లేత పిలకలు లేస్తాయి. ఆ పిలకల్లో విషం ఉంటుంది. నాము అంటారు. ఆకలిమీద ఉన్న గొర్రె గుక్కెడు తిన్నా చాలు. మా దొడ్డి వెనకే ఒక పెద్ద జొన్నచేను ఉంది. వారం తిరక్కుండానే అందులో పచ్చని పిలకలు కనిపించాయి. ఆ రోజు నుంచి అమ్మ గొర్లను వదిలి ఒక్క క్షణం ఉండేది కాదు. దొడ్డి తడకకు రెండు కట్లు వేసి, తోలుకుపోయేటప్పుడు ముందు నేను, వెనక తను నడిచేవాళ్లం.

ఆ రోజు పొద్దున గాలిదుమారం లేచి గడ్డి చుట్టూ ఉన్న కంపను సగం లాక్కుపోయింది. అమ్మ నీళ్లు పోయడం ముగించి, కట్టె పట్టుకుని దొడ్డి వైపు కదిలింది. "ఏడికి?" అంది అవ్వ అరుగు మీద నుంచి. గొర్లను విడవాలని అమ్మ చెప్పింది. "కంప కట్టినంకనే కదులు." అమ్మ బతిమాలింది. "అత్తా, అవి రాత్రి నుంచి అరుస్తున్నయి. తడక పాతది, ఒక్క గుద్దు గుద్దితే పడ్తది. వెనక నాము ఉన్నది. తోలుకొచ్చినంక కడ్త, నీ కాల్మొక్త." అమ్మ నిజంగానే వంగింది. అవ్వ కాలు వెనక్కి తీసుకుంది. "ఊరి మేకలు వచ్చి చిగురు కొరికితే నువ్వు పెడ్తవా? కట్టు." అమ్మ తుమ్మకొమ్మలు లాగి తెస్తుంటే నేను పట్టుకుని నిలబెట్టాను. ఇద్దరి చేతులూ రక్తాలు కారాయి. కట్టిన చోట అవ్వ వేలుపెట్టి చూపించి, ఇక్కడ సందుంది, అక్కడ సందుంది అని విప్పించి మళ్లీ కట్టించింది. కొంతసేపటికి దొడ్డిలో అరుపులు ఆగాయి. అమ్మ చేతిలో కొమ్మ వదిలేసి పరుగెత్తింది.

తడక పడి ఉంది. గొర్లు జొన్నచేలో ఉన్నాయి. కొన్ని అప్పటికే పక్కకు ఒరిగి కాళ్లు కొట్టుకుంటున్నాయి. మిగతావి తాగినవాళ్లలా తూలుతూ, నురుగు కారుస్తూ అమ్మ గొంతు విని ఆమె వైపే వస్తూ మధ్యలో కూలిపోయాయి. నేను ఇంటికి పోయి బెల్లం కలిపిన నీళ్లు తెచ్చాను. అమ్మ ఒకదాని దవడలు విడదీసి పోసింది, అవి ఇంకో పక్కనుంచి కారిపోయాయి. పొట్టల్లో పిల్లలు కదలడం బయటికి కనిపించింది. గొర్రె చచ్చాక కూడా కొద్దిసేపు కదిలాయి. అమ్మ రెండు చేతులూ ఆ పొట్ట మీద పెట్టి కూర్చుంది. ఆ కదలిక ఆగేదాకా అలాగే ఉంది. చీలిన చెవి ఉన్నది ఒక్కటీ మిగల్లేదు.

అవ్వ నిదానంగా చేను గట్టు మీదికి వచ్చింది. అంతా ఒకసారి చూసింది. "కంప కట్టుడు అయ్యిందా?" అని అడిగింది. అమ్మ తల ఎత్తలేదు. "ఇంత మిగిలింది అత్తా" అంది. నాముతో చచ్చినదాన్ని ఎవరూ తినరు, గుంట తీసి పూడ్చాలి. ఊరివాళ్లు గుంట తీస్తుంటే అవ్వ ఇంట్లోంచి ఉన్ని కత్తెర తెచ్చి అమ్మ ఒళ్లో పడేసింది. "మాంసం ఎట్లనో పోయింది. ఉన్ని ఎందుకు మన్నుపాలు జేస్తవ్? కత్తిరించు." ఊరి మగవాళ్లు కూడా ఆ మాటకు ఒక్క క్షణం పారలు ఆపారు. అమ్మ కత్తిరించింది. ఒక్కొక్కదాన్నీ ఒళ్లోకి లాక్కుని, బతికున్నదాన్ని కత్తిరించినట్టే చర్మం తెగకుండా చూసి కత్తిరించింది. ఆ ఉన్నితో నేసిన గొంగడిని అవ్వ తన మంచం మీద పరుచుకుంది. "అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ" అని సామెత. మా ఇంట్లో అదే జరిగింది. తడక సరిగా కట్టని కోడలి వల్ల మంద పోయిందని అవ్వ ఊరంతా చెప్పుకుంది. ఆ రాత్రి అమ్మ కంచం ముందర కూర్చుంటే, "ఇగ నీదేమున్నది ఈ ఇంట్ల?" అని అడిగింది. అమ్మ లేచి కంచం కడిగి బోర్లించింది.

కాలం మారింది. ఇంటింటికీ నల్లా వచ్చింది. బాపుకు మోకాళ్లు పోయి, మంద అమ్మేసి, షాద్‌నగర్ దగ్గర ఒక కంపెనీలో రాత్రి కావలికి కుదిరాడు. నేను హాస్టల్లో ఉండి డిగ్రీలో చేరాను. ఆ ఏడాదే అవ్వకు పక్షవాతం వచ్చింది. కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి. మూతి వంకరపోయింది, మాట ముద్దగా వచ్చేది. దవాఖానలో చూపించి ఇంటికి తెచ్చి అరుగు మీద మంచం వేశారు. ఇక అమ్మ ఆ గడ్డిని పీకి తగలబెడుతుందని నేను ఎదురుచూశాను. సెలవులకు వచ్చేసరికి గడ్డి ఎప్పటికన్నా బాగుంది. కంప కొత్తది. అవ్వ ఒంటికి స్నానం, తలకు నూనె, పక్కబట్టలు ఉతికినవి. ఇరుగుపొరుగు వాళ్లు, "కోడలంటే సాయమ్మ. అత్తనే కాదు, అత్త పెట్టిన గడ్డిని గూడ పాణం లెక్క చూసుకుంటాంది" అని మెచ్చుకుంటున్నారు. మరునాడు పొద్దున నాకు సంగతి అర్థమయింది. అవ్వ లేవగానే నీళ్లు అడిగింది. అమ్మ నల్లా కింద బిందె పెట్టింది. "గడ్డి తాగినంక ఇస్త అత్తా" అంది మెత్తగా. నల్లాకు పైపు తగిలించొచ్చు. తగిలించలేదు. చెంబుతో, ఒక్కో కుదురుకు, ఎక్కడా పక్కకు పారకుండా నిదానంగా పోసుకుంటూ వచ్చింది. ఎండ మంచం మీదికి వచ్చింది. అవ్వ నాలుకతో పెదాలు తడుపుకోబోతే వంకర మూతిలో నాలుక సరిగా తిరగలేదు. చూస్తుంటే నాకు సంతోషమయింది. దాచుకోవడం దేనికి, చాలా సంతోషమయింది.

ఇప్పుడు అమ్మ నా దగ్గరే ఉంటుంది. షాద్‌నగర్‌లో రెండు గదుల కిరాయి ఇల్లు, మూడో అంతస్తు. మట్టి అన్నది లేదు, గడ్డి అన్నది లేదు. అయినా పొద్దున లేచి అమ్మ వంటగదిలో ఊరికే నిలబడి ఉంటుంది. నీళ్లు తాగమంటే, "తాగుత, జరంత పని ఏదన్న ఉన్నదా చెప్పు ముందు" అంటుంది. ఒక గిన్నె కడిగో, ఒక గుడ్డ జాడించో గానీ నోట్లో నీళ్లు పోసుకోదు. టీవీ ముందు కూర్చోబెడితే పావుగంటలో లేచి చీపురు అందుకుంటుంది. నా ఈడువాళ్లు చిన్ననాటి ఇళ్లను తలుచుకుని, ఆ రోజులే వేరు, పెద్దవాళ్ల నీడే వేరు అంటుంటారు. వాళ్ల ఇళ్లు ఎట్లాంటివో నాకు తెలియదు. మా ఇంటి గురించి అడిగితే, ఈ మూడో అంతస్తు సిమెంటు గదులే నాకు పదిరెట్లు నయం. ఇక్కడ నోరెండినవాళ్లు లేచి నల్లా తిప్పుకోవచ్చు. ఫంక్షన్ హాలు నుంచి వచ్చిన రోజు అమ్మ నా చేతిని వాసన చూసి సబ్బు తెచ్చిచ్చింది. ఇద్దరం ఒకే రోజును తలుచుకున్నామని నాకు తెలుసు.

అది అవ్వ మంచాన పడ్డాక, నేను దసరా సెలవులకు ఇంటికొచ్చిన రోజుల్లో జరిగింది. మా మేనమామ ఒడిబియ్యం పోసి, పోయినవాటి బదులు అని అమ్మకు మళ్లీ రెండు గొర్రెపిల్లలను ఇచ్చి పంపాడు. అమ్మ వాటికి ఆ సాయంత్రం మేత వేయలేదు. ఎందుకమ్మా అంటే, "పొద్దుగాల పెద్ద మేత ఉన్నది" అంది. తెల్లారాక గడ్డికి నీళ్లు పోయలేదు. కొడవలి తీసుకుని తుమ్మకంప కట్లు తెంపి, కంప మొత్తం లాగి బాటలో పడేసింది. నేను పుట్టినప్పటి నుంచి ఆ గడ్డిని కంప లేకుండా చూడలేదు. పూత మంచి ఊపు మీద ఉంది. అమ్మ మంచం దగ్గరికి పోయి, అవ్వ తల కింద ఇంకో దిండు పెట్టి, మొహాన్ని గడ్డి వైపు తిప్పింది. "సూడు అత్తా, మంచిగ సూడు" అని, గొర్లను విప్పుకొచ్చి గడ్డి మధ్యలో వదిలింది.

గొర్లు గడ్డి దగ్గరికి పోయి మూతి పెట్టాయి. ఒకటి తుమ్మింది. రెండోది ఒక ఆకు కొరికి, వదిలేసి, తల విదిలించింది. రెండూ పక్కకు తిరిగి, బాటలో పడేసిన కంపకు అంటుకున్న నాలుగు తుమ్మాకులను గీరుకుని తినడం మొదలుపెట్టాయి. అమ్మ ఒకదాన్ని చెవి పట్టి లాక్కొచ్చి దాని మూతిని గడ్డిలోకి అదిమింది. అది అరిచి గింజుకుంది. ఇంకో కుదురు దగ్గరికి ఈడ్చుకుపోయింది, అక్కడా అంతే. లేత ఆకులు దూసి నోట్లో కుక్కబోయింది, గొర్రె ఉమ్మేసింది. మంచం మీద నుంచి ఏదో గురక లాంటి చప్పుడు వచ్చింది. దమ్ము తిరగడం లేదేమోనని చూశాను. అవ్వ నవ్వుతోంది.

"ఎన్నడన్న... తిన్నయా అవి?" అంది. మాట ముద్దగా ఉన్నా తెలుస్తూనే ఉంది. "అడవిల మందలు... పక్కపొంటి పోతయి. మూతి పెట్టయి. దాని వాసన పడది."

అమ్మ చేతిలో గొర్రె చెవి అలాగే ఉంది. "నీకు ఎరికేనా?"

"పుట్టినకాంచి ఎరికే."

"మరి కంప ఎందుకు కట్టించినవ్? నన్నెందుకు కావలి పెట్టినవ్?"

అవ్వ కొంచెంసేపు ఊపిరి కూడదీసుకుంది. "కోడలు ఖాళీగ కూసుంటే... తల్లిగారి దిక్కు సూస్తది."

"నీళ్లు?"

"అడవిల దానికి... ఎవడు పోసిండు నీళ్లు?"

అమ్మ ఆ గొర్రెను వదిలేసింది. "నా గొర్లు" అంది. "నా గొర్లు అత్తా" అంది మళ్లీ. ఇంట్లోకి పోయి చెంబు నిండా నీళ్లు తెచ్చింది. అవ్వ పొద్దటి నుంచి గుక్కెడు తాగలేదు, చెంబును చూసి నోరు తెరిచింది. అమ్మ ఆ మంచం ఎదురుగా, అవ్వ చూపు అందేచోట నేల మీద కూర్చుంది. కాళ్లు రెండూ బారజాపుకుంది. పగటిపూట అమ్మ అలా కూర్చోవడం నేనెన్నడూ చూడలేదు. చెంబు ఎత్తి గుక్క గుక్కగా, మధ్యలో ఆగుతూ, అడుగు కనిపించేదాకా తాగింది. ఖాళీ చెంబును పక్కన పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుని, దేవరకొండ దిక్కు చూస్తూ కూర్చుంది.

"సాయమ్మా, నీళ్లు" అంది అవ్వ. పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. ఎండ అరుగెక్కి, మంచం ఎక్కి, ఆమె మొహం మీదికి వచ్చినా అడుగుతూనే ఉంది. అమ్మ లేవలేదు. నేనూ లేవలేదు.